రుమాలు కడియం

నేనూ చేసుకోవలసిన పండుగే ఇది.
యాభై ఏళ్ల కిందట ఒకే బస్సు దిగాం, బెర్నడిన్, నేను.
పెన్సిల్వేనియా బొగ్గు నుసి మేజోళ్ల మీద ఉండగానే
ఈ గుట్టమీది మఠం తలుపు తట్టాం.
ఆమె ఉండిపోయింది.
నేను పదకొండు నెలలు ఉన్నాను.

ఇవాళ గుడిలో మూడో వరస, అతిథుల బిళ్ల గుచ్చుకుని.
వెర్నా పాల్కో అని ఉండాలి, వెరా అని ఉంది.
పోనీలే, విడిచి వెళ్లినదాని పేరు
ఈ మాత్రం గుర్తుండటమే ఎక్కువ.

ముందు చక్రాల కుర్చీలో సిస్టర్ మెథోడియా, డెబ్బై ఐదేళ్లు.
స్లొవాక్ తప్ప ముక్క రాని గనివాళ్ల పిల్లలకి
ఇంగ్లీషు అక్షరాలు దిద్దించిన వేళ్లు
ఇప్పుడు ఒళ్లో దుప్పటి మీద ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు
మెల్లగా దిద్దుతూనే ఉన్నాయి.
ఆమె వెనక సిస్టర్ అల్వేరా, అరవై. రాత్రి నర్సు.
గనిని ఊపిరితిత్తుల్లో ఇంటికి మోసుకొచ్చిన మగవాళ్ల పక్కన
తెల్లారేదాకా దగ్గులు లెక్కపెట్టిన మనిషి.
"పోయే ముందు ప్రార్థన అడిగేవాళ్లు తక్కువ,
గనిలో బండి లాగిన కంచరగాడిద పేరు చెప్పి ఏడుస్తారు" అనేది.
ఆ గాడిదల పేర్లన్నీ ఆమెకి నోటికి వచ్చు.

ఆఖర్న బెర్నడిన్.
నన్ను దేవుడు పిలిచాడనుకుని నేనొచ్చాను,
ఆమెని మాత్రం బాయిలర్ పిలిచింది.
మొదటి చలికాలంలోనే నేలమాళిగలోకి దిగిన మనిషి
ఒక రకంగా ఇంకా పైకి రాలేదు.
బలిపీఠం ముందు కాగితం పట్టుకున్న గోళ్లలో నల్ల గ్రీజు.
దారిద్ర్యం, బ్రహ్మచర్యం, విధేయత,
మూడు మాటపట్టులూ రసీదు చదివినట్టు చదివింది.
నా పెదవులు కదిలాయి, నేను కదపలేదు.
ఇద్దరు కొడుకులూ ఒక విడాకులూ
ఇంటి మీద తీరని అప్పూ ఉన్న పెదవులు.

ఆ రోజుల్లో వెళ్లిపోవడం చీకట్లోనే.
వీడ్కోలు ఉండదు. పొద్దున భోజనాల బల్ల దగ్గర
ఒక కుర్చీ తగ్గుతుంది, ఎవరూ అడగరు.
ఆ వేళ వంటింటి వంతు బెర్నడిన్‌ది.
మౌనం నియమం. మాట్లాడలేదు.
ఉడికిన బంగాళాదుంపలు రెండు నా కోటు జేబుల్లో చెరొకటి పెట్టి
మెడ దగ్గర గుండీ పెట్టింది.
బస్సు వచ్చేదాకా చేతులు కాలుతూనే ఉన్నాయి.

పూజ తర్వాత హాల్లో వాల్‌నట్ రొట్టెలు, పల్చటి కాఫీ.
మూడు వందలమంది ఉండేవారు, ఇరవై ఇద్దరున్నారు.
వచ్చే వేసవికి గుట్ట అమ్మేస్తారట. ఆ మాట ఎవరో అన్నారు,
వెంటనే ఇంకెవరో చక్కెర అందించమన్నారు.

"రా, నీకొకటి చూపించాలి" అంది.
మోకాళ్లు తిట్టుకుంటూ ఇద్దరం మెట్లు దిగాం.
కింద ఆ ముసలి బాయిలర్, కడుపునిండా తిన్న ఎద్దులా గుర్రుపెడుతోంది.
పక్కన మేకుకి తాళం చెవుల గుత్తి.
గుత్తిని పట్టి ఉన్నది తగరపు కడియం,
భోజనాల బల్ల మీద రుమాలు చుట్టి పెట్టుకునేది.
దాని మీద గీసిన అంకె నూట పన్నెండు.
నాది.

"పారేయమన్నారు. గట్టిదిగా, ఎందుకు పారేయాలి" అంది.

యాభై చలికాలాలు.
మెథోడియా పలకల గది, అల్వేరా పగటి నిద్ర గది,
గుడి, వంటిల్లు, చివరికి చనిపోయినవాళ్లని ఉంచే చల్లని గది,
అన్నిటి తలుపులూ నా అంకె చుట్టూ గలగలమంటూ తిరిగాయి.
నేనేమో అన్నాళ్లూ
ఇక్కడ నా ఆనవాలే లేదని ఊళ్లో చెప్పుకు తిరిగాను.

గొంతు సవరించుకుని అడిగాను, ఇస్తావా అని.

"ఇవ్వను" అంది బెర్నడిన్.
"వేసవిదాకా చెవులు దేనికి తగిలించుకోను?"
కవాటం పావు చుట్టు తిప్పి, చెవి ఆనించి విని,
ఇంకో పావు తిప్పింది.